యాప్ లెక్క, కంచం లెక్క

మధ్యాహ్నం కంచంలో అన్నం, టమాటా పప్పు, బెండకాయ వేపుడు, కాస్త ఆవకాయ, ఒక చెంచా నెయ్యి, చివర్లో పెరుగు. తిన్న మనిషి చెయ్యి కడుక్కుని ఫోన్ తీసి యాప్‌లో ఎక్కిస్తాడు: రైస్ ఒక కప్పు, దాల్ ఒక బౌల్, భిండీ ఫ్రై ఒక సర్వింగ్, కర్డ్ ఒక కప్పు. యాప్ కూడి చూపించేది 485 కేలరీలు. అదే కంచాన్ని తూకం వేసి చూస్తే అన్నం 300 గ్రాములు, అంటే 380. పప్పు 150 గ్రాములు, 117. వేపుడు 80 గ్రాములే గానీ అందులో నూనె 16 గ్రాములుంది కాబట్టి 180. ఆవకాయ 50, నెయ్యి 45, పెరుగు 65. వెరసి 837.

తేడా 350. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆవకాయ, నెయ్యి రాయడం మరిచిపోయారు, కప్పు ఎంతో చూసుకోలేదు, వేపుడులో నూనె సంగతి యాప్ అడగలేదు. రోజుకు ఒక్క పూటలో ఈ మాత్రం తప్పితే నెలకు 10,500. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలని వేసే లెక్కలో అది కిలోంబావుకు పైమాటే. ‘యాప్ చెప్పినంతే తింటున్నా, ముల్లు కదలడం లేదు’ అనే ఫిర్యాదు చాలావరకు ఇక్కడే పుడుతుంది.

తిన్నది తక్కువగా రాసుకోవడం యాప్‌లతో వచ్చిన అలవాటేమీ కాదు. ఎంత తగ్గించి తిన్నా బరువు తగ్గడం లేదనేవాళ్లను పరీక్షించిన ఒక అధ్యయనం 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తగ్గించి, చేసిన శ్రమను 51 శాతం పెంచి చెప్పారని అందులో తేలింది. అప్పట్లో కాగితం, పెన్ను. ఇప్పుడు యాప్ వచ్చి అదే తప్పును ఒక్క కేలరీ కూడా అటూ ఇటూ కాదన్నట్టు ఆకుపచ్చ వృత్తంలో పెట్టి చూపిస్తోంది.

కప్పు అంటే ఏ కప్పు?

అన్నంతోనే మొదలుపెట్టాలి. అమెరికా వ్యవసాయశాఖ పట్టికలో వండిన తెల్లన్నం ఒక కప్పు అంటే 158 గ్రాములు, 205 కేలరీలు. చాలా యాప్‌లలో ‘రైస్, వన్ కప్’ అని కొట్టగానే వచ్చేది ఈ అంకే. మన ఇళ్లలో మొదటి వడ్డనే దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మారు అన్నం సంగతి సరేసరి.

పైగా కప్పులు ఒక రకం కాదు. అమెరికా కొలత కప్పు 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు. అది జపాన్ కొలత, కుక్కర్లతో పాటే మన ఇళ్లకు చేరింది. ఇక బియ్యం డబ్బాలో పడి ఉండే స్టీలు గ్లాసు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. కుక్కర్ కప్పుతో తలగొట్టి కొలిచిన బియ్యం సుమారు 150 గ్రాములు, అంటే 530 కేలరీలు. అమెరికాలో ఉండే తెలుగువాళ్ల వంటింట్లో ఈ రెండు కప్పులూ ఒకే సొరుగులో ఉంటాయి. ఏది చేతికి తగిలితే దానితో కొలిచి, యాప్‌లో మాత్రం ‘కప్పు’ అని రాస్తే మూడో వంతు తేడా అక్కడే వచ్చేస్తుంది.

ఇంతకంటే పెద్ద పొరపాటు బియ్యాన్నీ అన్నాన్నీ కలగలపడం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో విడుదల చేసిన ఆహార పోషక పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి బియ్యంలో 356 కేలరీలున్నాయి. అవే 100 గ్రాములు ఉడికితే 270 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. పెరిగిన బరువంతా నీళ్లే. అంటే 100 గ్రాముల అన్నానికి దాదాపు 127. కంచంలోని 280 గ్రాముల అన్నాన్ని పచ్చి బియ్యం ఎంట్రీ కింద రాస్తే 997 కేలరీలు చూపిస్తుంది. వెయ్యి చూసి బెదిరిపోయి సాయంత్రం పస్తుండేవాళ్లు ఉంటారు. దీనికి విరుద్ధంగా, 100 గ్రాముల బియ్యం కొలిచి వండుకుని దాన్ని వండిన అన్నం ఎంట్రీ కింద రాస్తే 130కే సరిపెట్టేస్తుంది. యాప్‌లో ‘రా’, ‘కుక్‌డ్’ అనే చిన్న మాట చూడకుండా ఎంట్రీ నొక్కకూడదు. పప్పులు, సేమ్యా, ఓట్స్, చికెన్ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. చికెన్‌లో వ్యవహారం తలకిందులు. అది ఉడికితే నీరు పోయి బరువు తగ్గుతుంది.

ఈ 127 కూడా అందరికీ ఒకటే కాదు. పాత బియ్యం ఒదుగు ఎక్కువ, కొత్తవి తక్కువ. అత్తెసరు పెట్టిన అన్నానికీ గంజి వార్చిన అన్నానికీ తేడా ఉంటుంది, వార్చినప్పుడు కొంత పిండిపదార్థం గంజిలో పోతుంది. అందుకని బస్తా మారినప్పుడల్లా ఒక్కసారి చేసే పని ఉంది. 200 గ్రాముల బియ్యం తూచి మామూలుగా వండి, అన్నం మొత్తం తూచాలి. 560 గ్రాములు వచ్చిందనుకోండి, 712ను 560తో భాగిస్తే గ్రాముకు 1.27. ఆ అంకెతో యాప్‌లో ‘మా ఇంటి అన్నం’ అని సొంత ఎంట్రీ పెట్టుకుంటే నెలరోజులు దిగులుండదు.

బాణలిలో పడ్డది

గ్రాము నూనెకు 9 కేలరీలు. పిండిపదార్థానికీ ప్రోటీన్‌కూ 4 చొప్పున. కంచంలో దేన్ని సరిగ్గా కొలవాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది. బీరకాయ 50 గ్రాములు ఎక్కువ రాసినా, తక్కువ రాసినా పదో పరకో తేడా. నూనె ఒక్క టేబుల్‌స్పూన్ తప్పితే 120. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి జాతీయ పోషకాహార సంస్థ వేసిన నమూనా కంచంలో నూనె మొత్తం 27 గ్రాములు, అంటే రెండు టేబుల్‌స్పూన్లు. అరకిలో బెండకాయలు కరకరలాడేలా వేయించడానికి ఒక్కో ఇంట్లో 60 గ్రాములు పడుతుంది.

నూనెను చెంచాలతో కొలవమనే సలహా మన వంటింట్లో నిలవదు. క్యాన్ వంచి ‘చాలు’ అనిపించేదాకా పోయడమే అలవాటు. దానికి తగ్గ పద్ధతి ఇది: కిచెన్ స్కేల్ మీద నూనె సీసాను పెట్టి టేర్ బటన్ నొక్కితే తెర మీద సున్నా వస్తుంది. సీసా తీసి ఎప్పటిలాగే పోసుకుని మళ్లీ స్కేల్ మీద పెట్టాలి. మైనస్ 38 అని కనబడితే 38 గ్రాములు బాణలిలో పడ్డట్టు. చెంచా జిడ్డు లేదు, వంట ఆగదు. నెయ్యి గిన్నెకూ, పచ్చడి జాడీకీ ఇదే ఉపాయం. సీసా తీసి పెట్టేలోగా స్కేల్ దానంతటదే ఆఫ్ అయితే టేర్ పోతుంది. పవర్ సేవింగ్ సమయం మరీ తక్కువగా ఉన్న చవక స్కేళ్లతో వచ్చే ఇబ్బంది ఇది. అలాంటప్పుడు ముందు బరువు, వెనక బరువు రాసుకుని తీసివేయడమే.

గారెలు, పునుగులు, మిరపకాయ బజ్జీల్లాంటి వాటికి పోసిన నూనెంతా లెక్కలోకి రాదు, పీల్చుకున్నది మాత్రమే వస్తుంది. వేయించకముందు నూనెతో సహా బాణలి బరువు, చల్లారాక మళ్లీ బాణలి బరువు. తేడా ఎంతో అంత నూనె గారెల్లోకి పోయింది. దాన్ని గారెల సంఖ్యతో భాగించాలి. నూనె చాలినంత కాగకముందే వేస్తే ఈ తేడా ఎంత పెరుగుతుందో ఒకసారి తూచి చూస్తే తెలుస్తుంది.

నూనె కానివే కానీ నూనెలాగే లెక్క తప్పించేవి పల్లీలు, నువ్వులు, కొబ్బరి. ఉదయం నాలుగు ఇడ్లీలు రెండొందలేనని సంతోషపడి, పక్కన గిన్నెడు పల్లీ చట్నీని ‘చట్నీ, ఒక టీస్పూన్’ అని రాస్తారు. ఆ గిన్నెలో 30 గ్రాముల వేరుశెనగ గుళ్లుంటే అవే 155 కేలరీలు, పోపు కాకుండా. కందిపొడి, కారప్పొడి తాము పెద్దగా చెయ్యవు గానీ వాటితో పాటు వచ్చే నెయ్యి చేస్తుంది.

ఒకే గిన్నె, అయిదుగురు మనుషులు

యాప్‌లు ఒంటరిగా వండుకుని తినే మనిషిని ఊహించి కట్టినవి. మన దగ్గర ఒక కుక్కర్ పప్పు ఇంటిల్లిపాదీ తింటారు, మిగిలింది రాత్రికి వేడి చేస్తారు. ‘నా వాటాలో ఎంత?’ అనేది తేలాలంటే యాప్‌లోని రెసిపీ విభాగం వాడుకోవాలి. చాలామంది దాని జోలికే పోరు.

టమాటా పప్పునే తీసుకుంటే: కందిపప్పు 150 గ్రాములు, 496 కేలరీలు. టమాటాలు 250 గ్రాములు, 50. ఉల్లిపాయ ఒకటి 50 గ్రాములు, 24. పోపు నూనె 15 గ్రాములు, 135. ఉప్పు, పసుపు, ఆవాలు, కరివేపాకు వదిలేయొచ్చు. మొత్తం 705. ఖాళీ గిన్నె బరువు ముందే ఒకసారి తూచి దాని అడుగున మార్కర్‌తో రాసుకోవాలి, 650 అనుకుందాం. పోపు పెట్టాక గిన్నెతో సహా 1,550 వచ్చింది. పప్పు 900 గ్రాములు. యాప్ ‘ఎన్ని సర్వింగులు?’ అని అడిగినప్పుడు అయిదుగురున్నారు కదా అని 5 వేస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఎవరూ సమానంగా వడ్డించుకోరు. అక్కడ 9 వేయాలి. అప్పుడు ఒక్కో సర్వింగ్ 100 గ్రాములు, 78 కేలరీలు అవుతుంది. కంచంలో 150 గ్రాములు పడితే ఒకటిన్నర సర్వింగ్, 117.

ఇందులో తప్పేవి రెండే. రాత్రికి ఫ్రిజ్‌లోంచి తీసిన పప్పు గట్టిపడి ఉంటుంది, వేడి చేస్తూ నీళ్లు పోస్తారు. వంద గ్రాములకు 78 అనేది ఇక చెల్లదు. పొద్దున్నే ‘సగం మిగిలింది’ అని గుర్తుపెట్టుకుని సగం కేలరీలు ఇచ్చుకోవడం మేలు. రెండోది, పాత రెసిపీని అలాగే కొట్టేయడం. పోయినసారి పోపుకు 15 గ్రాములు పోసినవాళ్లు ఈసారి 35 పోస్తే యాప్‌కు తెలియదు.

ఎవరో రాసిన పెసరట్టు

డేటాబేస్ పెద్దదైతే మంచిదనుకుంటారు. 2005లో మొదలైన మైఫిట్‌నెస్‌పాల్ లాంటి యాప్‌ల డేటాబేస్ అంత పెరగడానికి కారణం వాడేవాళ్లే ఎంట్రీలు చేర్చడం. ‘ఉప్మా’ అని వెతికితే పాతిక ఉప్మాలు కనబడతాయి, 120 నుంచి 400 దాకా. జీడిపప్పు, నెయ్యి పడ్డ పెళ్లి ఉప్మా వేరు, హాస్టల్ ఉప్మా వేరు కాబట్టి అన్నీ నిజం కావచ్చు కూడా. కొందరు మాత్రం ప్రోటీన్, కొవ్వు గడులు ఖాళీగా వదిలేసి కేలరీలు తోచినంత వేస్తారు.

ఎంట్రీ నమ్మదగిందో కాదో పది సెకన్లలో తేల్చవచ్చు. ప్రోటీన్ గ్రాములు నాలుగింతలు, పిండిపదార్థం నాలుగింతలు, కొవ్వు తొమ్మిదింతలు చేసి కూడాలి. ‘పెసరట్టు, 120 కేలరీలు’ అని ఉండి, లోపల ప్రోటీన్ 9, పిండిపదార్థం 30, కొవ్వు 6 అని కనబడితే, 36, 120, 54 కలిసి 210. అంటే ఏదో ఒక అంకె తప్పు. పీచు వల్ల కొద్దిపాటి తేడా రావచ్చు, పది శాతం దాటితే మాత్రం ఆ ఎంట్రీ వదిలేయాలి. ఎంట్రీ పక్కన పచ్చ టిక్కు ఉన్నా ఈ పరీక్ష చెయ్యడం తప్పు కాదు.

పేర్ల గొడవ ఇంకొకటి. గోంగూర పప్పు, మజ్జిగ పులుసు, గోరుచిక్కుడు వేపుడు, దొండకాయ ఇగురు వెతికితే ఇంగ్లీషు స్పెల్లింగు ఎలా రాయాలన్నది మొదటి చిక్కు. దొరకనప్పుడు దగ్గరగా ఉన్నది నొక్కేస్తారు. పప్పుచారుకు సాంబార్, వేపుడుకు ‘మసాలా’, ముద్దపప్పుకు పల్చటి ఉత్తరాది దాల్. 2012లో బెంగళూరులో మొదలైన హెల్తిఫైమీ లాంటి దేశీ యాప్‌లు భారతీయ వంటకాల విషయంలో మెరుగ్గా ఉన్నాయి. జాతీయ పోషకాహార సంస్థ కూడా 2019లో న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్ తెచ్చింది. దాని వెనక సంస్థ సొంత పట్టికలున్నాయి కాబట్టి ముడిసరుకుల అంకెలకు అది నమ్మకమైన చోటు. రోజూ తినే పదిహేను, ఇరవై వంటకాలను ఒక్కసారి రెసిపీలుగా పెట్టుకుంటే వెతుకులాటే ఉండదు. ఎవరి ఇంట్లోనైనా తిరిగి తిరిగి వండేవి అంతకు మించవు.

ఫోటో తీస్తే కేలరీలు చెప్పే సదుపాయం ఇప్పుడు చాలా యాప్‌లలో ఉంది. ప్లేటులో ఏముందో గుర్తుపట్టడంలో అది చురుకే. కానీ ఫోటో పైపైన చూస్తుంది. గిన్నె లోతు, ఇడ్లీ కింద దాగిన నెయ్యి, కూరలో కలిసిపోయిన నూనె కెమెరాకు అందవు. పేర్లు కొట్టే శ్రమ తగ్గించడానికి ఫోటో వాడుకుని, పరిమాణం చేత్తో సరిదిద్దుకోవడం సరైన వాడకం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఫోటో అంచనా వేసిన పిండిపదార్థం అంకెను పట్టుకుని డోసు మార్చుకోవడం ప్రమాదం.

నడిచిన అడుగులు, నడవని అడుగులు

తిండి వైపు తప్పులు కొలిచి దిద్దుకోవచ్చు. వ్యాయామం వైపు అది అంత తేలిక కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల చేతిపట్టీలను, వాచీలను పరీక్షించారు. గుండె వేగం కొలవడంలో ఏడింట ఆరు 5 శాతం లోపు తప్పుతో బయటపడ్డాయి. ఖర్చైన కేలరీల విషయంలో మాత్రం అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం. గుండె వేగం నేరుగా కొలిచేది. కేలరీలు దానిమీద సూత్రం కట్టి ఊహించేవి.

ఆ ఊహలోనూ ఒక మెలిక ఉంది. 70 కిలోల మనిషి ముప్పావుగంట ఓ మోస్తరు వేగంతో నడిస్తే 184 కేలరీలని చూపిస్తుంది. ఆ ముప్పావుగంట కుర్చీలో కూర్చున్నా 50 దాకా ఖర్చయ్యేవి. నడక వల్ల అదనంగా వచ్చింది 130 మాత్రమే. యాప్ మొత్తం 184నూ ‘సంపాదన’గా చూపించి, ఆ మేరకు ఇంకా తినొచ్చని రోజు కోటాను పెంచుతుంది. రెండు సమోసాల బేరం ఇక్కడే కుదురుతుంది. వ్యాయామం కేలరీలను తిండి కోటాకు కలపకుండా ఆపే సెట్టింగ్ చాలా యాప్‌లలో ఉంటుంది. లేకపోతే కలిపినదాంట్లో సగానికి మించి తినకుండా ఉండటం ఒక మోటు నియమం, మోటుదైనా పనిచేస్తుంది.

అడుగుల లెక్కకు మన బతుకుల్లో ప్రత్యేకమైన చిక్కులున్నాయి. చీరకో నైటీకో జేబు ఉండదు. ఉదయం అయిదింటి నుంచి వంటిల్లు, పెరడు, మేడ అంటూ తిరిగే ఇల్లాలి ఫోన్ ఫ్రిజ్ మీద ఉంటుంది. సాయంత్రం అరగంట నడక ఒక్కటే యాప్‌కు తెలుసు, అందుకే ఆమెకు ‘సెడెంటరీ’, అంటే కూర్చుని ఉండే మనిషి, అని ముద్ర వేస్తుంది. దీనికి ఎదురుగా, గతుకుల రోడ్డు మీద జేబులో ఫోన్‌తో బండి నడిపినవాడికి ఆ కుదుపుల్లో కొన్ని అడుగులుగా పడిపోతాయి. చేతి వాచీ అయితే ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకున్నా, సూపర్‌మార్కెట్ ట్రాలీ తోస్తున్నా చెయ్యి ఊగదు కాబట్టి అడుగులు దాటేస్తుంది. అపార్ట్‌మెంట్ మేడ మీద గుండ్రంగా తిరిగేవాళ్లు జీపీఎస్ దూరాన్ని పట్టించుకోకూడదు. కొద్ది మీటర్ల తప్పు ప్రతి చుట్టులోనూ పడి, మ్యాపు మీద నడక పక్కింటి మేడ దాకా పోయినట్టు గీస్తుంది. అక్కడ నిమిషాలే నమ్మకం.

అడుగులు అసలే పడటం లేదంటే ముందు చూడాల్సింది అనుమతులు. ఆండ్రాయిడ్ 10 నుంచి ‘ఫిజికల్ యాక్టివిటీ’ అనుమతి విడిగా ఇవ్వాలి. తర్వాత బ్యాటరీ. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్, దాని బ్యాటరీ విభాగంలో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టకపోతే కొన్ని ఫోన్లు వెనకాల నడిచే యాప్‌ను నిద్రపుచ్చేస్తాయి. అడుగులు రెట్టింపు పడుతుంటే వాచీ, ఫోన్ రెండూ ఒకే నడకను రాస్తున్నట్టు. ఆండ్రాయిడ్‌లో యాప్‌ల ఆరోగ్య డేటాను ఒకచోట కలిపే హెల్త్ కనెక్ట్‌లో డేటా మూలాలు, ప్రాధాన్యం అనే చోట వాచీని మొదట పెట్టాలి.

పది వేల అడుగుల లక్ష్యం గురించి ఒక్క మాట. అది వైద్యులు తేల్చిన అంకె కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరు ‘మాన్‌పోకెయ్’, అంటే పదివేల అడుగుల కొలత. వ్యాపారం పేరు ప్రపంచానికి లక్ష్యమైపోయింది. రోజుకు మూడు వేలు నడిచే మనిషికి అయిదు వేలు మంచి లక్ష్యమే.

చేతికి పట్టీ కట్టుకున్నంత మాత్రాన బరువు తగ్గుతుందనుకోవడానికీ ఆధారం బలహీనమే. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన రెండేళ్ల ప్రయోగంలో 471 మంది పాల్గొన్నారు. అందరికీ ఆహారం, వ్యాయామం విషయంలో సలహాలిచ్చారు. ఆరు నెలల తర్వాత సగంమందికి పట్టీలిచ్చారు. చివరికి పట్టీ లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గారు, ఉన్నవాళ్లు 3.5.

రోజుకు ఎన్ని కేలరీలన్నది ఎక్కడిది?

యాప్ మొదటి రోజు ఎత్తు, బరువు, వయసు అడిగి ఒక అంకె ఇస్తుంది. చాలా వాటి వెనక ఉన్నది 1990లో అమెరికాలో 498 మందిని కొలిచి కట్టిన మిఫ్లిన్ సూత్రం. 35 ఏళ్లు, 65 కిలోలు, 155 సెంటీమీటర్ల స్త్రీకి అది విశ్రాంతిలో 1,283 కేలరీలని చెబుతుంది. దాన్ని శ్రమను బట్టి హెచ్చిస్తారు. కూర్చుని చేసే పనికి 1.2తో హెచ్చిస్తే 1,539. ‘మోడరేట్లీ యాక్టివ్’, అంటే ఓ మోస్తరు శ్రమ, అని నొక్కితే 1.55తో, అంటే 1,988. ఒక్క బటన్ దగ్గర 449 తేడా. ఇంటి పనంతా చేస్తున్నాను కదా అని రెండోది ఎంచుకుని, పైగా అడుగుల కేలరీలు కూడా కలుపుకుంటే ఒకే శ్రమకు రెండుసార్లు జీతం తీసుకున్నట్టు. వాచీ కలిపేవాళ్లు ‘సెడెంటరీ’ దగ్గరే ఉండటం మంచిది.

వారానికి అర కిలో తగ్గాలని పెడితే యాప్ రోజుకు 550 కోస్తుంది. 1,539 నుంచి 550 తీస్తే 989. చాలా యాప్‌లు స్త్రీలకు 1,200 కంటే కిందికి దిగవు, అక్కడ ఆగిపోతాయి. లెక్క ప్రకారం వారానికి అర కిలో ఆమెకు కుదరదని చెప్పకుండా 1,200 చూపిస్తాయి. పావు కిలో పెట్టుకుంటే 1,264 వస్తుంది. నెమ్మదే గానీ తినగలిగిన అంకె.

ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ రంగు కూడా ఒకసారి చూసుకోవాలి. 160 సెంటీమీటర్లు, 62 కిలోలంటే 24.2. అంతర్జాతీయ కొలతలో 25 దాకా ‘నార్మల్’, యాప్ ఆకుపచ్చ చూపిస్తుంది. భారతీయులకు మన వైద్యులు వాడే కొలతలో 23 దాటితే చాలు అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. యాప్‌లో ఆసియా కొలత ఎంచుకునే వీలు లేకపోతే రంగును వదిలేసి నడుము చుట్టుకొలత చూసుకోవచ్చు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80.

మొదట చెప్పిన కంచంలో ప్రోటీన్ 20 గ్రాములే, కేలరీల్లో పది శాతం. యాప్ సొంతంగా పెట్టే లక్ష్యం సాధారణంగా 20 శాతం. అందుకే తెలుగు భోజనం రాసినవాళ్లకు ఆ గీత ఎప్పుడూ సగంలోనే ఆగుతుంది. కంగారుపడి పౌడరు డబ్బా కొనేముందు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలో బరువుకు 0.83 గ్రాములని గుర్తుంచుకుంటే చాలు. 65 కిలోలకు 54 గ్రాములు. ఇంకో గరిటె పప్పు, ఒక గుడ్డు, ఇంకాస్త పెరుగు చేర్చి అన్నం ఒక వంతు తగ్గిస్తే అందుతుంది.

తప్పు ఒకేలా జరిగితే

ఇన్ని తప్పులున్నప్పుడు యాప్ ఎందుకని అడగొచ్చు. తప్పు రోజూ ఒకేలా జరిగితే దాన్ని బరువు ముల్లుతో సరిదిద్దవచ్చు, అందుకు. పొద్దున్నే, ఏమీ తినకముందు రోజూ తూగి ఏడు రోజుల సగటు తీసుకోవాలి. ఒక్క రోజు అంకెకు విలువ లేదు. పెళ్లి భోజనం తిన్న మర్నాడు కిలోన్నర పెరిగితే అది కొవ్వు కాదు, ఉప్పు పట్టుకున్న నీరు, ఒంట్లో నిల్వ చేరిన ఒక్కో గ్రాము పిండిపదార్థంతో పాటు చేరిన మూడు గ్రాముల నీరు. నెలసరి రోజుల్లోనూ ఇలాగే పెరుగుతుంది.

మూడు వారాలు రాశాక, యాప్ లెక్కన వారానికి అర కిలో తగ్గాలి, సగటున తగ్గింది 200 గ్రాములే అనుకుందాం. వారానికి 0.3 కిలోల లోటును 7,700తో గుణించి ఏడుతో భాగిస్తే రోజుకు 330. రాతలో తప్పిందా, శ్రమ అంచనాలో తప్పిందా అని పట్టుకోనక్కర్లేదు. యాప్ లెక్కకూ ఒంటి లెక్కకూ మధ్య తేడా అది. కోటాలోంచి ఒక 150 తగ్గించి, మిగతాది నూనె సీసా దగ్గర వెతికితే సరిపోతుంది. కానీ సోమవారం నుంచి గురువారం దాకా గ్రాములతో రాసి, శుక్రవారం బిర్యానీ దగ్గర యాప్ మూసేస్తే ఈ కూడిక, తీసివేత ఏదీ నిలవదు. ఎంత తిన్నారో తెలియకపోయినా ‘బిర్యానీ, 1,000’ అని ఒక గుండు సున్నాల అంకె వేయడం, ఖాళీ రోజు కంటే ఎంతో నయం.

డబ్బు, డేటా సంగతి క్లుప్తంగా. ఉచితంగా వాడుతున్నది రేపు చందాలోకి వెళ్లొచ్చు. మైఫిట్‌నెస్‌పాల్ 2022లో బార్‌కోడ్ స్కానర్‌ను అలాగే చందాదారులకు పరిమితం చేసింది. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. గూగుల్ ప్లేలో సబ్‌స్క్రిప్షన్స్ దగ్గర, యూపీఐతో కట్టి ఉంటే ఆ యూపీఐ యాప్‌లో ఆటోపే దగ్గర రద్దు చేయాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కోతకు 24 గంటల ముందు సందేశం రావాలి, అది చదవకుండా తుడిచేస్తే బాధ్యత మనదే. 2018లో మైఫిట్‌నెస్‌పాల్ నుంచి దాదాపు 15 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పొక్కాయి కాబట్టి మెయిల్‌కూ బ్యాంకుకూ వాడే పాస్‌వర్డ్ ఇక్కడ వాడకూడదు. అదే ఏడాది స్ట్రావా అనే నడక, పరుగు యాప్ మ్యాపుల్లో సైనిక స్థావరాలే కనబడ్డాయి. ఇంటి గుమ్మం నుంచి మొదలయ్యే మార్నింగ్ వాక్ అందరికీ కనబడకుండా చుట్టూ కొన్ని వందల మీటర్లు దాచే సెట్టింగ్ ఉంది, పెట్టుకోవాలి. మానేసేటప్పుడు ముందు డేటా డౌన్‌లోడ్ చేసుకుని, ఆ తర్వాత ఖాతాను డిలీట్ చేయాలి.

ప్రతి ముద్దా జీవితాంతం రాయడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. తిండి గురించే రోజంతా ఆలోచన నడుస్తున్నా, అంకె దాటిన రోజు తినడానికి భయమేస్తున్నా, ఆ యాప్ ఆ మనిషికి పనికిరాదు. మిగతావాళ్లు ఆరు వారాలు పూర్తిగా రాసి, తర్వాత రెండే రాసుకోవచ్చు: కంచంలో పడిన అన్నం గ్రాములు, ఇంట్లో నెలకు ఖర్చైన నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు కిలోల నూనె అయిపోతే, గారెల మూకుడులో మిగిలి పారబోసింది తీసేసినా, మనిషికి రోజుకు 30 గ్రాములకు తక్కువ ఉండదు. ఈ లెక్కకు ఫోన్ కూడా అక్కర్లేదు, నూనె క్యాన్ తెరిచిన తేదీ దానిమీదే మార్కర్‌తో రాస్తే సరి.